రెండు ఆవుల వెడల్పు

నేను విన్న మొదటి ఐరిష్ మాట ఒక దీవెన. దాన్ని వినడానికి నేను సముద్రాలేమీ దాటలేదు. మిర్యాలగూడలో ఒక అద్దె ఇంటి వరండాలో, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని విన్నాను.

2006లో నాకు ఇరవై నాలుగేళ్లు. బి.ఎడ్. చేసి ఆ ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాకు ముక్కు మీద కోపం, దాని పైన ఇంగ్లీషు వచ్చునన్న గర్వం. ఈ రెండింటినీ ఎవరి దగ్గరా దాచలేదు. దాచింది ఒక్కటే. మాది త్రిపురారం అవతల ఒక ఊరు, తాతముత్తాతల నుంచీ ఆవులూ గొర్లూ కాసే ఇల్లు. మీ నాన్న ఏం చేస్తాడని ఎవరడిగినా "వ్యవసాయం" అనేదాన్ని. ఆదివారం సాయంత్రం ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు చున్నీకి మంద వాసన పట్టిందేమోనని బస్సులో రెండు మూడుసార్లు చూసుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా. అందులో ఒకదానికి కొత్త యంత్రం బిగించడానికి ఐర్లండు నుంచి ఒక ఇంజనీరు ఆరు నెలలకు వచ్చాడు. ఆయన వెంట భార్య వచ్చింది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, ఎండకు ముఖమంతా జేవురించి ఉండేది. భర్త పొద్దున్నే జీపెక్కి పోతే ఆమెకు పొద్దుపోయేది కాదు. తెలుగు నేర్చుకుంటానందట. మా హెడ్మాస్టరు నన్ను పంపించారు. రోజూ బడి వదిలాక ఒక గంట పాఠం.

మొదటి రోజే థాంక్స్‌కు తెలుగులో ఏమంటారని అడిగింది. "ధన్యవాదాలు" అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. మర్నాడు పొద్దున గేటు ముందుకొచ్చిన కూరగాయల అవ్వకు చేతులు జోడించి ఆ మాటే అన్నదట. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. సాయంత్రం పాఠానికి పోగానే ఆమె నన్ను నిలదీసింది.

"నిజంగా మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటారా, టీచర్?"

ఎవరూ అనరని ఒప్పుకున్నాను. మరి మేలు చేసినవాళ్లను ఏమంటారంది. కాస్త ఆలోచించి, మా నాయనమ్మ ఎవరు మంచినీళ్లిచ్చినా "సల్లగుండు బిడ్డా" అనేదని చెప్పి, దాని అర్థం వివరించాను. ఆమె కుర్చీలోంచి ముందుకు వంగింది. వాళ్ల భాషలో కూడా థాంక్స్ అనే మాటే లేదట. 'నీ దగ్గర మేలు ఉండుగాక' అంటారట. అదే వాళ్ల కృతజ్ఞత.

నమస్కారం సంగతి ఇంకా చిత్రం. ఎవరైనా ఎదురుపడితే 'దేవుడు నీకు తోడు' అంటారు. అవతలివాళ్లు అదే తిరిగి అనకూడదు. 'నీకు దేవుడూ మరియమ్మా తోడు' అనాలి. తీసుకున్నదానికంటే ఇచ్చేది ఒక పిసరు ఎక్కువ ఉండాలి. వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఇది తప్పనిసరి అని చెప్పింది. ఆ రోజు నుంచి మా మధ్య ఒప్పందం కుదిరింది, నేనొక తెలుగు మాట ఇస్తే ఆమె ఒక ఐరిష్ మాట ఇవ్వాలి. పాఠం గంట దాటి రెండు గంటలయ్యేది. రూముకు తిరిగి నడుస్తూ ఆ మాటల్ని నోట్లోనే చప్పరించేదాన్ని. ఇంత చిన్న మాటల్లో ఇంతమంది మనుషులు ఎలా పట్టారా అని ఆశ్చర్యంగా ఉండేది.

ఇంటి దగ్గర మాత్రం మా నాయినకు నిద్ర కరువైంది.

మా ఊరి నుంచి గుట్ట మీది గడ్డికి పశువులు పోయే దారి ఒక్కటే ఉంది. డొంక అంటాం. రెండు వైపులా కాలువ కింది వరి పొలాలు. డొంకకు కుడిపక్కన గట్టురాళ్లున్నాయి, అటు కదలదు. ఎడమపక్క ఆసామి మాత్రం ఏడాదికొక నాగలి చాలు చొప్పున డొంకను తన పొలంలో కలుపుకుంటూ వచ్చాడు. ఒక్కో చాలే కదా, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి డొంక అయిదడుగులైంది. ఇరవై ఆవులు, వంద గొర్లు అంత సందులో పోతే ఏదో ఒకటి వరిలో నోరు పెట్టక మానదు. పెట్టిన ప్రతిసారీ ఆసామి వాటిని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టించేవాడు. నాయిన పోయి బతిమాలి విడిపించుకునేవాడు.

"తొలకరి వడెలోపు తొవ్వ తేలకపోతే మంద అమ్మేస్త బిడ్డా," అన్నాడు ఒక శనివారం. "నాట్లు వడ్డంక గాడ కాలు వెట్ట సందుండది. నోరులేని జీవాలు, ఎన్ని దెబ్బలని తింటయి?"

సూర్యాపేట బేరగాడు అప్పటికే వచ్చి ఆవుల పండ్లు చూసిపోయాడు. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మంద లేని మా నాయినను నేను ఊహించుకోలేకపోయాను. ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పని చేయాలని ఎప్పుడూ అనుకోలేదు. అయినా సోమవారం బడిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఐర్లండు అమ్మ నాకు దారి అనే మాట ఇచ్చింది.

వరండా ముందు నుంచి ఎవరివో నాలుగు ఆవులు పోతున్నాయి. రోడ్డు మధ్య ఒకటి అడ్డంగా తిరిగి నిలబడింది. వెనక ఆటో అతను హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఆమె పకపకా నవ్వి, "మా భాషలో రోడ్డును బోహర్ అంటాం. బో అంటే ఆవు," అన్నది. ఆవు నడిచింది కాబట్టి అది దారి అయిందని వాళ్ల పెద్దలు చెప్తారట. అది ఎంత వెడల్పుండాలో కూడా పాతకాలంలో ఒక లెక్క ఉండేదట. ఒక ఆవు నిలువుగా, ఒక ఆవు అడ్డంగా పట్టాలి. అంతకు తగ్గితే దాన్ని బోహర్ అనకూడదు.

ఆమె అక్కడితో ఆగలేదు. కుర్రవాణ్ణి వాళ్లు 'బూఅఖల్' అంటారు. దాని మూలంలో ఉన్నదీ ఆవే, ఆవుల్ని కాసేవాడు అని. ఇప్పుడు ఆఫీసులో కోటు వేసుకుని కూర్చున్న కుర్రవాడైనా సరే, ఆ భాషలో పిలిస్తే పశువుల కాపరే. ఆమె తండ్రికి కూడా ఆవులుండేవట.

"మీ ఇంట్లో ఆవులున్నాయా టీచర్?" అని అడిగింది.

"లేవు," అన్నాను.

ఇరవై ఆవులు. ఒక్కోటి ఎన్ని ఈతలు ఈనిందో నాకు తెలుసు. అందులో ఎర్రావు నా చేతుల మీద పుట్టింది. అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మర్నాడు బడిలో మా తెలుగు పండితుడి దగ్గర ఈ మాటలన్నీ ఏకరువు పెట్టాను, ఏదో నేనే కనిపెట్టినట్టు. ఆయనది కోదాడ, మాట అటు ఆంధ్రా యాసలోకి ఒరిగేది. ముక్కుపొడుం పీల్చి తాపీగా అన్నారు.

"అదేంటమ్మా, అంత దూరం పోయావు. గవేషణ అంటావు కదా, వెతకడమని. అసలు అర్థం ఆవుల్ని వెతకడం. గోష్ఠి అంటే కూర్చుని మాట్లాడుకోవడం. గోష్ఠమంటే ఆవుల దొడ్డి. అక్కడ కూర్చునే కదా మాట్లాడుకునేది! గోత్రం అడుగుతారు పెళ్లిళ్లలో, అదీ ఆవుల కొట్టమే. గవాక్షం అంటే ఆవు కన్ను. వాళ్ల బో, మన గో, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని భాషలు చదివినవాళ్లు చెబుతారు."

ఆ మధ్యాహ్నం ఏడో తరగతిలో ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. కిటికీ చూస్తే ఆవు కన్ను. పిల్లలు గుంపుగా కబుర్లాడుకుంటుంటే దొడ్డి. ఏ మాట ముట్టుకున్నా దాని కింద ఒక ఆవు నెమరువేస్తున్నట్టే అనిపించింది. అంత దూరదేశంలో చలిలో ఒకడు, ఇక్కడ ఎండలో ఒకడు, ఒకే జంతువు వెంట నడిచారు. ఒకే మాటను నోట్లో పెట్టుకుని నడిచారు. నిజం చెప్పాలంటే కొంచెం భయం కూడా వేసింది.

అయినా నా బుర్రకు మా డొంక తట్టలేదు. పెరటి చెట్టు మందుకు రాదంటారు. దూరదేశపు దారి వెడల్పు నాకు అద్భుతమైంది గానీ, మా నాయిన రోజూ నడిచే దారి మాత్రం ఒక తగాదాలాగే కనిపించింది. ఆ తగాదాను ఇంగ్లీషుతో తీర్చాలనుకున్నాను. మండలాఫీసుకు దరఖాస్తు రాశాను. రాస్తుంటే ఒకచోట కలం ఆగింది. డొంక వెడల్పు ఎంతని రాయాలి? ఆఫీసువాళ్లకు అంకె కావాలి కదా అనుకుని "పన్నెండు అడుగులు" అని పెట్టేశాను. నాయినను అడగను కూడా అడగలేదు. చదువురాని మనిషికి కొలతలేం తెలుస్తాయి అనుకున్నాను. ఆయన మాత్రం నేను రాసిందంటే వేదమన్నట్టు వేలిముద్ర వేశాడు.

ఎండాకాలం సెలవుల్లో సర్వేయరు వచ్చాడు. కోతలైపోయి పొలాలు బీళ్లుగా ఉన్నాయి. ఊరి పెద్దమనుషులు నలుగురు, ఆసామి, నాయిన, నేను. ఆడవాళ్లు కొందరు దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడ్డారు. సర్వేయరు ఊరి నక్ష విప్పి వేలితో చూపించాడు.

"తొవ్వ అయితే ఉంది. ఇగో, సుక్కల గీతలు. ఎంత ఎడల్పో మాత్రం గీడ రాసి లేదు."

ఆసామి నాయిన కంటే చిన్నవాడు, చెడ్డవాడేమీ కాదు, కాస్త ఆశ ఎక్కువ. "పన్నెండడుగులని రాసిండ్రు గద కాకా. యాడికెళ్లి తెచ్చిండ్రు పన్నెండు?" అన్నాడు.

అందరూ నాయిన వైపు చూశారు. నాయిన నా వైపు చూశాడు. తలెత్తితే ఎక్కడ ఏడుస్తానోనని గట్టురాయి వైపు చూస్తూ నిలబడ్డాను. నా అంకె అబద్ధమైతే మా దరఖాస్తంతా అబద్ధమే. మంద పోయిందనుకున్నాను. పోగొట్టింది నేనే అనుకున్నాను.

నాయిన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"పన్నెండు నా బిడ్డ రాసింది పటేలా. అండ్ల నా మాట లేదు. ఎంతనో నేను సెప్ప, సూపిస్త. జర ఆగుండ్రి."

పోయి రెండు ఆవులను తోలుకొచ్చాడు, ఎర్రావును, తెల్లావును. ఎర్రావును డొంకకు అడ్డంగా తిప్పి, దాని తోక గట్టురాయికి ఆనేదాకా మెల్లగా వెనక్కి నెట్టాడు. గంగడోలు నిమురుతూ దాన్ని అలాగే నిలబెట్టాడు. తర్వాత తెల్లావును తెచ్చి ఎర్రావు మూతి ముందు నుంచి నిలువుగా, గుట్ట వైపు ముఖం పెట్టి నిలబెట్టాడు. ఒకటి అడ్డం, ఒకటి నిలువు.

"గిదీ తొవ్వ," అన్నాడు. "ఒక ఆవు అడ్డం తిరిగి నిలవడ్డా ఇంకో ఆవు ఆగకుంట పోవాలె. పోకపోతే అది తొవ్వ గాదు."

నా ఒళ్లు జల్లుమంది. రెండు నెలల కింద ఆ వరండాలో విన్న మాట, అక్షరం పొల్లుపోకుండా, ఏ పుస్తకమూ చదవని మా నాయిన నోటి నుంచి వచ్చింది. ఆయనకు ఐర్లండు అనే దేశముందని కూడా తెలియదు.

"నాయినా, గిది నీకెవరు సెప్పిండ్రు?" అని అరిచినంత పని చేశాను.

"ఎవరు సెప్తరు? మా తాత గిట్లనే కొలిచిండు," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పెద్దమనుషుల్లో అందరికంటే ముసలాయన కర్ర నేలకు తాటించి, "నిజమే. మా అయ్య గూడ గిట్లనే నిలవెట్టిండు. నేను పోరగాన్ని, సూసిన," అన్నాడు. ఆ మాటతో సగం తేలిపోయింది.

ఆసామి మాత్రం చివరి ప్రయత్నం చేశాడు. "నువ్వు కావాలని పెద్దావును తెచ్చినవ్ కాకా!"

"అయితే నీ ఆవును తెచ్చుకో పటేలా," అన్నాడు నాయిన, శాంతంగా.

ఆసామి కోపం మీదున్నాడు, ముందూ వెనకా చూడలేదు. నిజంగానే పోయి తన ఆవును పట్టుకొచ్చాడు. పాల కోసం కొన్న సంకరజాతి ఆవు, బర్రెంత ఉంది. అడ్డంగా నిలబెడితే ఎర్రావు కంటే ఇంకో జానెడు ఆసామి పొలంలోకే పోయింది. తుమ్మచెట్టు కింది ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. సర్వేయరు కూడా నక్ష అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆసామి తన ఆవును చూశాడు, మా ఎర్రావును చూశాడు, ఆఖరికి తనూ నవ్వేశాడు.

నాయిన మాత్రం నవ్వలేదు. "వద్దు పటేలా. నీ ఆవు కొత్తగొచ్చింది, తొవ్వ పాతది. మా ఆవు సాలు," అని ఎర్రావునే మళ్లీ నిలబెట్టాడు. తెల్లావు అవతలి పక్కన హద్దు గుర్తుగా కర్ర గూటం దిగింది. సర్వేయరు టేపు పట్టి చూస్తే పదిన్నర అడుగులు. నేను రాసిన దానికంటే ఒకటిన్నర తక్కువ. ఆ ఒకటిన్నర అడుగు నేను లేనిది అడిగానని అందరికీ తెలిసింది. గూటం వెంట రాళ్లు పాతుతుంటే మొదటి రాయి ఆసామే పట్టాడు. ఆ సాయంత్రమే సూర్యాపేట బేరగాడికి రావద్దని కబురు పోయింది. అమ్మ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

సెలవులు ముగియక ముందే మిర్యాలగూడ పోయాను. వరండా మెట్ల మీదే నిలబడి, కూర్చోకుండానే ఐర్లండు అమ్మకు అంతా చెప్పాను. "మా ఇంట్లో ఆవులున్నాయి. ఇరవై. ఆ రోజు అబద్ధం చెప్పాను," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. ఆమె కోప్పడలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది, తను కూడా పట్నంలో చదువుకునేటప్పుడు తండ్రి బూట్లకు పేడ ఉంటుందని స్నేహితుల ముందుకు రానిచ్చేది కాదట. ఆయన పోయి చాలా ఏళ్లయిందట. ఆ రెండు ఆవుల లెక్క తను పుస్తకంలో చదివిందే గానీ, ఎవరైనా నిలబెట్టి కొలవగా చూసినవాళ్లు వాళ్ల ఊళ్లో ఒక్కరూ లేరట.

"ఆ దారి నాకు చూపిస్తావా?" అన్నది.

వాళ్ల తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు తీసుకెళ్లాను. అంతకు ముందు రోజే తొలకరి పడింది. డొంకలో మట్టి మెత్తబడి గిట్టల గుర్తులు నిండుగా ఉన్నాయి. అమ్మేస్తానన్న మంద అమ్ముడుపోకుండా ఎదురొస్తోంది. ముందు ఆవులు, వెనక గొర్లు, ఆ వెనక భుజం మీద గొంగడితో మా నాయిన. సరిగ్గా మా ముందుకొచ్చేసరికి ఎర్రావు కొత్త మనిషిని చూసి ఆగింది. ఆగి, అడ్డంగా తిరిగి నిలబడింది. నాయిన దాన్ని అదిలించలేదు. తెల్లావు దాని మూతి ముందు నుంచి, ఎడమపక్క రాళ్లను తాకకుండా, నిలువుగా నడిచి వెళ్లిపోయింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. ఏదీ ఆగలేదు.

ఆమె చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో నేను అడగలేదు, నేనూ విడిచాను.

నాయిన దగ్గరికొచ్చాక ఆమె రెండు చేతులూ జోడించి, నేను నేర్పిన తెలుగులో, వత్తి వత్తి పలికింది. "సల్లగుండు."

తన కంటే పెద్దవాణ్ణి అలా దీవించకూడదని నేను ఆమెకు నేర్పలేదు. నాయిన మాత్రం అదేమీ పట్టించుకోలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వు సల్లగుండు తల్లీ," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "మీ ఊర్లె మీ ఆవులు గూడ సల్లగుండాలె," అన్నాడు.

తీసుకున్నదానికంటే ఒక పిసరు ఎక్కువ. ఆ పద్ధతి గురించి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంగ్లీషులోకి మార్చి చెబుదామని ఆమె వైపు తిరిగాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, అక్కర్లేదని చెయ్యి ఊపింది.